సోరెన్ వాటాకు హాజరు పలికిన మనిషి

మా కాలువ తవ్వి నూట పాతికేళ్ళు నిండాయని సంఘం పుస్తకం వేస్తోంది. అందులో నా గురించి నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. రాసుకోవడానికి నాకేం కొదవ లేదు. ఒకే గది, ఒకే పంతులమ్మ ఉన్న ఊరిబడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే ముప్పై ఏళ్ళకు పైగా ఈ నీటి సంఘానికి ప్రెసిడెంటుగా ఉన్నాను. చెక్క తూములు పీకించి సిమెంటు తూములు పెట్టించింది నేను. కొండవాలున గట్టు తెగినప్పుడు మూడు జిల్లాల నుంచి ట్రాక్టర్లు రప్పించి, మే నెలలో నీళ్ళొచ్చేలోపు గట్టు నిలబెట్టింది నేను. అది చూడ్డానికి గవర్నరు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఈ లోయ నుంచి రాజధానికి వెళ్ళి, శాసనసభ కమిటీ ముందు కాగితం చూడకుండా మాట్లాడిన మొదటి మనిషినీ నేనే.

ఇవన్నీ పుస్తకంలో ఫోటోలతో సహా ఎలాగూ వస్తాయి. అందుకని నాకిచ్చిన పేజీల్లో ఆర్విల్లా జెప్సన్ గురించి రాస్తున్నాను. పోయిన మార్చిలో ఆమెను సాగనంపాం. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. చిన్నప్పటి నుంచి ఆమెను ఎరిగినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే.

మా లోయలో వానను నమ్ముకుని ఎవడూ సేద్యం చెయ్యడు. కొండల మీద మంచు కరిగి దిగొచ్చే నీళ్ళే మాకు దిక్కు. ఆ నీళ్ళు పొలానికి రావాలంటే కాలువలో వాటా ఉండాలి. వాటా లేని నేల ఎంత మంచిదైనా బూడిదరంగు తుప్పలు మొలిచే దిబ్బే. ఆర్విల్లా తోట కాలువ కింద మలుపులో ఉండేది. ఆప్రికాట్ చెట్లు. ఆమె తాత నాటినవి కొన్ని, నాన్న నాటినవి కొన్ని, ఆమె అంటుకట్టినవి ఎక్కువ. జులైలో ఆ పక్క నుంచి బండి మీద వెళ్తే వాసనకే కడుపు నిండేది.

ఆమె మా సంఘానికి కార్యదర్శి. నేను ప్రెసిడెంటు కాకముందు నుంచీ ఆమే కార్యదర్శి. చిన్నప్పుడు బడిలో నాకంటే రెండు బెంచీలు ముందు కూర్చునేది. పంతులమ్మ ఎవరినైనా కొట్టి, తప్పు వేరేవాళ్ళదని తర్వాత తేలితే, పంతులమ్మకే ఆ సంగతి చెప్పి దెబ్బలు తినేది. పెద్దయ్యాక కూడా ఆ గుణం ఏమీ తగ్గలేదు.

ప్రతి జనవరిలో రైతుల హాలులో సంఘం కూడుతుంది. మా వాటా పత్రాల మీద ఇప్పటి మనుషుల పేర్లుండేవి కావు. కాలువ తవ్విన వాళ్ళ పేర్లే ఉండేవి. పత్రం మీద పేరు మార్చుకుంటే తాత పేరు కొట్టేసినట్టేనని మా వాళ్ళ పట్టింపు. కార్యదర్శి లేచి ఎనభై ఏళ్ళ కిందట చచ్చిపోయిన మనిషి పేరు చదువుతుంది. బతికున్నవాడు లేచి "హాజరు" అంటాడు. ఎవరూ అడ్డు చెప్పకపోతే ఆ ఏడు ఆ నీళ్ళు వాడివి. నేను మా ముత్తాత పేరుకు పలికేవాణ్ణి. ఆర్విల్లా "సోరెన్ థైగెసన్" అని చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని, తనే "హాజరు" అనేది. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం నవ్వకుండా తర్వాతి పేరుకు వెళ్ళేది.

ఈ సోరెన్ ఆమె చుట్టం కాదు. కాలువ తవ్విన పన్నెండుమందిలో ఒకడు, ఒంటి మనిషి. ఏటి ఒడ్డున ఉన్న అతని పొలం ఒక వరదలో మొత్తం కొట్టుకుపోయింది. అతనికి నీళ్ళు మిగిలాయి, నేల లేదు. పక్కనున్న ఆర్విల్లా తాతకు నేల ఉంది, నీళ్ళు లేవు. ముసలాయన ఒకరోజు కంచె మీదుగా తన పార అందించి, "ఇక నువ్వు చూసుకో" అన్నాడు. అంతే. ఆ తర్వాతి జనవరిలో సోరెన్ పేరు చదివితే జెప్సన్ తాత పలికాడు. సోరెన్ కూడా అదే గదిలో పొయ్యి పక్కన కూర్చుని విని తల ఊపాడట. ఒక్క సంతకం లేదు, సాక్షి లేడు. అప్పుడు ఎవరికీ అవి కావాలని తోచలేదు.

అలా ఏళ్ళు గడిచాక రాష్ట్రంలో చట్టం మారింది. సొంతదారు ఆచూకీ లేని ఆస్తుల చట్టం అది. పాత చట్టంలో పదిహేనేళ్ళు గడువుండేది, అదీ లాభాలు పంచే కంపెనీలకే. మాలాంటి కాలువ సంఘాల జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. కొత్త చట్టం గడువును మూడేళ్ళు చేసింది. వాటాలున్న ప్రతి సంఘమూ ఏటా నవంబరు మొదటి తేదీకల్లా నివేదిక ఇవ్వాలంది. పత్రం మీద పేరున్న మనిషి స్వయంగా సంతకం పెట్టడమో, మాట్లాడటమో జరిగి మూడేళ్ళు దాటినా, ఆ మనిషి చనిపోయాడని సంఘానికి తెలిసినా ఆ వాటాను రాష్ట్రానికి అప్పగించాలంది. వారసుడు రుజువులతో వస్తే తిరిగి ఇస్తారట. రాకపోతే అమ్మేస్తారట.

ఆర్విల్లా ఆ నోటీసు హాలులో నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు: "అయితే సోరెన్ గారిని ఒకసారి ఫోన్ చెయ్యమని చెప్దామా ఆర్విల్లా?"

"నువ్వే చెప్పు. నీకు ఆయన దగ్గరికి వెళ్ళే వయసు ముందొస్తుంది," అంది ఆమె, కాగితం మీంచి తల ఎత్తకుండా.

హాలంతా నవ్వింది. మా అందరి నీళ్ళూ చచ్చినవాళ్ళ పేర్ల మీదే ఉన్నాయని నవ్వడం అయ్యాక తట్టింది.

ఆ వేసవి, శరదృతువు ఆర్విల్లా తన పనులన్నీ పక్కనపెట్టింది. ఇంటింటికీ వెళ్ళింది. ఎవరి తాత ఎవరు, ఏ చర్చిలో పెళ్ళి, ఏ కోర్టులో వీలునామా, అన్నీ వెతికించింది. ఆ పాత బండిలో జిల్లా కేంద్రానికి ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలీదు. ఒక్కో వాటా ఒక్కో బతికున్న మనిషి పేరు మీదకు మారింది. నవంబరు వచ్చేసరికి సంఘంలో ఒక్కటి తప్ప అన్ని వాటాలూ తేలాయి. తేలనిది ఆమెదే.

అక్టోబరు చివర్లో నేను వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి బల్ల మీద సంఘం ముద్ర ఉంది. ఇనుపది, పిడి పట్టి నొక్కితే కాగితం మీద కాలువ గుర్తు ఉబ్బుతుంది.

"ఆర్విల్లా, ముద్ర నీ చేతిలో ఉంది. పాత కాగితం నా దగ్గరుంది. మీ తాతకు సోరెన్ రాసిచ్చినట్టు ఒక పత్రం రాయి. ప్రెసిడెంటుగా నేను సంతకం పెడతా," అన్నాను.

అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేమీ లేదు. ఆ నీళ్ళు ఆమెవని లోయలో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసిన నిజానికి కాగితం లేకపోతే కాగితం తయారుచేస్తే ఏమిటి?

ఆమె కాఫీ పోసి నా ముందు పెట్టింది. "తాగు. తాగి ఇంటికి వెళ్ళు థెరాన్."

"మొండితనం కాదిది. చెట్లు చస్తాయి."

"నాకు తెలీదా?" అంది. "మిగతావాళ్ళందరి కాగితాలూ నేను పంపుతున్నాను. కింద నా సంతకం ఉంది. వాటిలో ఒక్కటి దొంగదని ఎప్పుడైనా తేలిందనుకో. మిగతావి ఎవడు నమ్ముతాడు? నా తోట కోసం నీ నీళ్ళు కూడా పణం పెట్టమంటావా?"

కాఫీ తాగి ఇంటికొచ్చాను. అలా ఒకరు చెప్పినట్టు నేను వినడం చాలా అరుదు, మా ఇంట్లోవాళ్ళని అడగండి. నివేదికలో ఆమె ఇలా రాసి పంపింది: సోరెన్ థైగెసన్, మరణించాడు, వారసులు ఎవరూ తెలియదు.

డిసెంబరులో రాజధాని నుంచి మిస్ లోమాక్స్ అనే అధికారి విచారణకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మంచులో పనికిరాని బూట్లు వేసుకొచ్చింది. ఆర్విల్లా ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, రూబార్బ్ కాడలతో కాల్చిన తీపిరొట్టె ముక్క పెట్టింది. మేం పదిమందిమి సాక్ష్యం చెప్పాం. పార ఇచ్చిన సంగతి నేనే చెప్పాను, మా తాత నోట విన్నట్టు, ఒక్క మాట పొల్లుపోకుండా.

మిస్ లోమాక్స్ అంతా విని ఆర్విల్లాను అడిగింది: "మీరు హాజరు పలికినప్పుడు మీ కోసం పలికారా, ఆయన కోసమా?"

"ఆయన పేరుకు."

"మీ పేరుతో ఎప్పుడైనా అడిగారా, ఈ వాటా నాదని?"

"నా దగ్గర నేనే ఎలా అడుగుతానమ్మా? కార్యదర్శిని నేనే కదా," అంది ఆర్విల్లా.

మిస్ లోమాక్స్ కలం కింద పెట్టింది. "మీరు చెప్పేదంతా నేను నమ్ముతున్నాను. చట్టం నమ్మదు," అంది. వెళ్ళేటప్పుడు ఆర్విల్లా ఆమెకు మడత పెట్టిన ఉన్ని మేజోళ్ళు ఇచ్చింది. "ఆ బూట్లతో మళ్ళీ రాకు, పడిపోతావు," అంది.

జనవరిలో సోరెన్ వాటా రాష్ట్రానికి వెళ్ళిపోయింది. సంఘం కూడినప్పుడు ఆర్విల్లా సోరెన్ పేరు వచ్చే చోట "రాష్ట్ర ఖజానా" అని చదివింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. ఎవరూ పలకలేదు. తర్వాతి పేరు చదివింది.

మార్చిలో కాలువ పూడికతీత. మా కాలువ తవ్విన నాటి నిబంధన: ప్రతి వాటాకూ కాలువలో కొంత దూరం వంతు. వాటాదారు పార పట్టుకుని తనే రావాలి, లేదా మనిషిని పంపాలి. అందరికీ కబురు పంపడం కార్యదర్శి పని. ఆర్విల్లా అందరితోపాటు రాష్ట్ర ఖజానాకు కూడా పంపింది. వారంలో మిస్ లోమాక్స్ ఫోన్ చేసింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"మిస్ జెప్సన్, ఇది నిజంగానే పంపారా? ఖజానా అధికారిని పార పట్టుకుని రమ్మంటున్నారు."

"అవునమ్మా. ఏడింటికల్లా. చేతికి తొడుగులు కూడా తెచ్చుకోమను, పిడి బొబ్బలెక్కిస్తుంది."

అవతల నవ్వు వినిపించింది. ఆర్విల్లా నవ్వలేదు. ఆమె వేళాకోళానికి పంపలేదు. వాటాదారుకు కబురు పంపాలి కాబట్టి పంపింది.

పూడికతీత రోజు రానే వచ్చింది. రాష్ట్రం తరఫున ఎవరూ రాలేదు. సోరెన్ వంతు దగ్గర, చిన్న విల్లో పొదలున్న చోట, ఆర్విల్లా తన పార పట్టుకుని దిగబోయింది. చిన్నప్పటి నుంచి ప్రతి మార్చిలోనూ ఆమె దిగిన చోటే అది. నాకు అప్పుడు సంఘం నిబంధన మొత్తం గుర్తొచ్చింది. ఇది గుర్తొచ్చింది నాకే, అది కూడా పుస్తకంలో రాసిపెట్టండి: వరసగా రెండు వసంతాలు పూడికతీతకు రాని వాటా, ఎవరిదైనా సరే, సంఘానికి తిరిగొస్తుంది.

"ఆర్విల్లా, ఆగు. దిగొద్దు," అని అరిచాను.

"ఏం?"

"నువ్వు దిగితే రాష్ట్రం తరఫున దిగినట్టే. వాళ్ళ వంతు తీసినట్టే."

ఆమెకు అర్థమైంది. పార కర్ర మీద గడ్డం ఆనించి కాలువలోకి చూసింది. ఒండ్రు మోకాలి లోతు ఉంది. "మరి కింద వాళ్ళకు నీళ్ళెలా పోతాయి?"

"సంఘం తీయిస్తుంది. నేనే దిగుతా."

నాకు అప్పటికి డెబ్బై తొమ్మిది. దిగాను. మా నీరుగంటి హెరిబెర్తో సెర్నా నాతో దిగాడు. కాలువ మొదలు నుంచి చివర దాకా నడుస్తూ తూములు తెరిచి మూసే మనిషి అతను. ఆర్విల్లా ఆ రోజంతా గట్టు మీద నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. పక్క వంతులో చెయ్యి వేయబోతే అక్కడివాళ్ళు కూడా వద్దన్నారు, వాటా లేనిదానిలా ఇతరుల వంతు తీయడం ఆమెకు కష్టంగా ఉంటుందేమోనని. మధ్యాహ్నం అందరం రొట్టె తింటున్నప్పుడు ఆమె తన రొట్టెను తువ్వాలులో మళ్ళీ చుట్టి పెట్టుకుంది. పని చెయ్యకుండా తినడం అలవాటు లేదంది.

మే నెలలో నీళ్ళు వదిలారు. వాటా లేని తూముకు తాళం వెయ్యాలి. హెరిబెర్తో రెండు రోజులు ఆ తూము దాటి వెళ్ళిపోయాడు, చూడనట్టు. మూడో రోజు ఆర్విల్లాయే గొలుసు, తాళం పట్టుకుని గట్టు మీద నిలబడింది.

"హెరిబెర్తో, ఇదిగో. నేనే కొనుక్కొచ్చాను. రసీదు సంఘానికిచ్చాను."

"దోన్యా, నా చేత్తో ఇది నావల్ల కాదు," అన్నాడతను. మెక్సికో వాళ్ళు గౌరవించే పెద్దావిడను దోన్యా అంటారు.

"నీ చేత్తోనే వెయ్యాలి. నేను వేస్తే కార్యదర్శి తన తూముకు తనే తాళం వేసుకుందంటారు, లెక్క కుదరదు."

అతను వేశాడు. తాళంచెవి ఆమెకు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ వేసవిలో ఎంతమంది ఎన్ని విధాల చెప్పారో. మా నీళ్ళలోంచి ఒక పూట తీసుకోమన్నారు. ట్యాంకు పంపుతామన్నారు. ఆర్విల్లా ఒకటే మాట: "అందరికీ ఇదే నిబంధన చదివి వినిపించింది నేను." పాత్రలు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు బకెట్లతో మోసి చెట్ల మొదళ్ళలో పోసేది. ఆ నీళ్ళు కొన్ని చెట్లకే అందేవి. ఆగస్టులో ఆకులు ముడుచుకున్నాయి. రెండో వేసవి ఇంకా ఎండలు. తాత నాటిన చెట్లు ముందు పోయాయి. ఆ తర్వాత మిగతావి పోయాయి. ఆ దారిన వెళ్ళాల్సిన వాళ్ళం చుట్టూ తిరిగి పై రోడ్డు మీదుగా వెళ్ళేవాళ్ళం.

ఆ రెండు వేసవుల మధ్య చలికాలంలో నేను రాజధానికి వెళ్ళాను. కమిటీ ముందు నిలబడి మా కాలువ సంగతి చెప్పాను. టై కట్టుకున్న వాళ్ళు పదిమంది, నీళ్ళు కొళాయిలోంచి వస్తాయనుకునే వాళ్ళు, నన్ను ఆపకుండా విన్నారు. కాలువ సంఘాల వాటాలను ఆ చట్టం నుంచి తీసేస్తూ సవరణ చేశారు. దాని మీద గవర్నరు సంతకం పెట్టిన కలం నా దగ్గరుంది. కానీ ఆ సవరణ ముందుముందుకే గాని వెనక్కి పనిచెయ్యదట. అప్పటికే వెళ్ళిన వాటాకు అది వర్తించదు. ఆర్విల్లాకు ఫోన్ చేసి ఈ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

"మిగతావాళ్ళకు భయం పోయింది కదా. మంచి పని చేశావు థెరాన్," అంది.

రెండో మార్చిలో కూడా రాష్ట్రం పారతో రాలేదు. ఆ రోజు కూడా ఆర్విల్లా గట్టు మీదే నిలబడింది. తర్వాతి జనవరిలో ఆమె "రాష్ట్ర ఖజానా" అని మూడుసార్లు చదివింది. మూడుసార్లూ నిశ్శబ్దం. నేను లేచి, నిబంధన ప్రకారం ఆ వాటా సంఘానికి తిరిగి చేరినట్టు తీర్మానం పెట్టాను. ఒక్క చెయ్యి కూడా కింద ఉండిపోలేదు. ఖజానాకు రాస్తే, నెల తర్వాత మిస్ లోమాక్స్ సంతకంతో జవాబొచ్చింది: అభ్యంతరం లేదు. కింద చేత్తో ఇంకో వాక్యం ఉంది, మేజోళ్ళు ఇంకా బాగున్నాయని.

నేను, హెరిబెర్తో కలిసి ఆర్విల్లా ఇంటికి వెళ్ళాం. అదే వంటింటి బల్ల. ఖాళీ వాటా పత్రం ఆమె ముందు పెట్టాను.

"రాయి. ఆర్విల్లా జెప్సన్ అని నీ చేత్తోనే రాయి. నేను సంతకం పెడతా. ఈసారి దొంగ కాగితం కాదు."

ఆమె కలం తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టింది. "నాకు ఎనభై నిండాయి," అంది. "నా పేరు రాస్తే ఇంకో సోరెన్ తయారవుతాడు. నా వెనక ఎవరు పలుకుతారు?"

"నీ తోట ఇది."

"తోటెక్కడుంది?" అంది కిటికీలోంచి చూస్తూ. బయట కొమ్మలు ఎండి తెల్లగా ఉన్నాయి. తర్వాత హెరిబెర్తో వైపు తిరిగింది. "నీ పేరు పూర్తిగా ఎలా రాస్తావో చెప్పు."

అతను టోపీ తీసేశాడు. "దోన్యా, ఆ నీళ్ళు మీవి. లోయంతా అంటుంది ఆ మాట."

"లోయ అంటే చాలదని రెండేళ్ళు చూశాం కదా. నీకు ముగ్గురు పిల్లలు, పెద్దది కాలువ మీదే పెరుగుతోంది. నేల నీకు కౌలుకిస్తాను, కాగితం మీద, సాక్షులతో. నీళ్ళు బతికుండేవాళ్ళ పేరు మీద ఉండనీ. ఇక వాదించకు, నాకు చెయ్యి నొప్పి పుడుతోంది."

ఆమె రాసింది. హెరిబెర్తో పేరే, పూర్తిగా. ముద్ర పిడి నొక్కడానికి బలం చాలకపోతే నా చెయ్యి ఆమె చేతి మీద వేసి నొక్కాను.

ఆ మే నెలలో హెరిబెర్తో గొలుసు విప్పాడు. ఎండిన చెట్లు అప్పటికే నరికి, కట్టెలు ఇంటి గోడ వెంట పేర్చాడు. చిక్కుడు గింజలు చల్లడానికి నేల దున్ని ఉంది. ఆర్విల్లా కుర్చీ వేయించుకోకుండా గట్టు మీద నిలబడింది. నీళ్ళు తూములోంచి బోదెలోకి దూకి, ముందుకు రాకుండా మధ్యలో ఒకచోట గుంటలో చేరి నిలిచిపోయాయి.

"అక్కడ కాదు నాయనా," అందామె. "కుడి పక్క మడవ తిప్పు. ఇటు నేల వాలుగా కనిపిస్తుందిగాని వాలు అటుంది."

హెరిబెర్తో పార వేసి మడవ తిప్పాడు. నీళ్ళు ఒక క్షణం ఆగి, అటు తిరిగి, దున్నిన చాళ్ళలోకి నడిచాయి. ఆఖరి చాలు తడిసేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.